కార్మికునికి చట్టం అండ కోరిన వి.వి. గిరి

(ఆగస్టు 10, మాజీ రాష్ట్రపతి, భారతరత్న శ్రీ వరాహగిరి వెంకటగిరి జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

పని లేదన్న కారణంతో కార్మికుణ్ణి తొలగించదలచిన యజమాని అతనికి నెల రోజుల ముందుగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇవ్వని పక్షంలో ఆ నెల వేతనం చెల్లించాలి. దానికి తోడు, పూర్తి చేసిన ప్రతి సంవత్సరం సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలి. ఈ లెక్క కర్మాగారాల యాజమాన్యాలకు, కార్మిక శాఖ అధికారులకు, లేబర్ కోర్టులకు దశాబ్దాలుగా కంఠస్థం. ఇది దేశ చట్టంలో చేరింది 1953లో. అప్పటి కేంద్ర కార్మిక శాఖ మంత్రి శ్రీ వి.వి. గిరి. ఆ మరుసటి సంవత్సరమే, బ్యాంకు ఉద్యోగులకు అనుకూలంగా వెలువడిన ట్రిబ్యునల్ నిర్ణయాన్ని ప్రభుత్వం తగ్గించినందుకు ఆయన మంత్రి పదవిని వదులుకున్నారు. రాష్ట్రపతిగా ఆయన పేరు అందరికీ తెలుసు. ఉద్యోగుల ప్రయోజనాల చట్టాలతో ఆయనకు గల సంబంధం మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

శ్రీ గిరి 1894 ఆగస్టు 10న నాటి మద్రాసు రాష్ట్రంలోని గంజాం ప్రాంతానికి చెందిన బరంపురంలో జన్మించారు. ఆయన పూర్వీకుల స్వస్థలం ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లాలోని చింతలపల్లి గ్రామం. గోదావరి డెల్టా నుంచి తరలివెళ్ళి బరంపురంలో స్థిరపడిన తెలుగు కుటుంబం వారిది. తండ్రి శ్రీ జోగయ్య పంతులు పేరుపొందిన న్యాయవాది, కాంగ్రెస్ నాయకులు. తల్లి శ్రీమతి సుభద్రమ్మ స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొని అరెస్టయ్యారు. ఇంట్లో న్యాయవాద వృత్తి, రాజకీయం రెండూ ఉన్నందున కుమారుడు కూడా న్యాయశాస్త్రం వైపు మొగ్గడంలో వింత లేదు. వింత ఏమిటంటే, ఆ చదువు కోసం ఆయన లండన్‌కు కాక డబ్లిన్‌కు వెళ్ళారు.

1913లో ఆయన ఐర్లాండ్ చేరారు. ఆ సంవత్సరమే డబ్లిన్‌లో యజమానులు పెద్ద ఎత్తున లాకౌట్ ప్రకటించారు. రవాణా కార్మికుల సంఘంలో సభ్యులుగా ఉండబోమని సంతకం చేసిన వారికే పని ఇస్తామని యజమానులు షరతు పెట్టారు. వేలాది కుటుంబాలు నెలల తరబడి ఆకలితో గడిపాయి. తరగతి గదిలో ఉద్యోగ ఒప్పంద సూత్రాలు చదువుతున్న యువకుడికి, ఒప్పందంలో ఒక పక్షం చేతిలోనే బలమంతా ఉంటే ఏమవుతుందో వీధిలో కనిపించింది. కార్మిక నాయకుడు జేమ్స్ కనోలీ భావాలు ఆయనపై గాఢమైన ప్రభావం చూపాయి. 1916 ఈస్టర్ తిరుగుబాటు అనంతరం భారతీయ విద్యార్థులపై అనుమానాలు ముసురుకున్నాయి. దేశం విడిచి వెళ్ళవలసిందిగా శ్రీ గిరికి ఉత్తర్వు అందింది. ఆయన స్వదేశానికి తిరిగివచ్చి న్యాయవాదిగా నమోదయ్యారు. హోంరూల్ ఉద్యమంలో చేరారు. సహాయ నిరాకరణోద్యమ పిలుపుతో 1920లో ప్రాక్టీసు విడిచిపెట్టారు.

కోర్టును వదిలిన న్యాయవాది రైల్వే కార్మికుల మధ్యకు వెళ్ళారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని నిర్మించారు. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య వ్యవస్థాపకులలో ఒకరై, దశాబ్దానికి పైగా ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. నాటి చట్టస్థితిని గుర్తు చేసుకుంటే ఆ పని ఎంత కష్టమో అర్థమవుతుంది. సమ్మెకు నాయకత్వం వహించినందుకు మద్రాసు బకింగ్‌హాం మిల్లు వివాదంలో సంఘ నాయకులపై హైకోర్టు నిషేధపు ఉత్తర్వులు జారీ అయ్యాయి. సంఘాలకు రక్షణ కల్పించే ట్రేడ్ యూనియన్ల చట్టం 1926 దాకా రాలేదు. పనిలో గాయపడి అవయవం కోల్పోయిన వారికి యజమాని పరిహారం చెల్లించాలన్న చట్టం 1923లో ఆమోదం పొంది, 1924 జూలై 1న అమలులోకి వచ్చింది. తప్పు ఎవరిదన్న ప్రశ్నతో పెద్దగా నిమిత్తం లేకుండా, ఉద్యోగం వల్ల కలిగిన గాయానికి యజమానిని బాధ్యుణ్ణి చేసిన తొలి చట్టం అదే. అయితే జబ్బుకు, ముసలితనానికి, పని లేకపోవడానికి ఆ చట్టంలో చోటు లేదు.

1920ల చివరి సంవత్సరాలలో బెంగాల్ నాగపూర్ రైల్వే యాజమాన్యం పెద్ద సంఖ్యలో కార్మికులను కుదించింది. శ్రీ గిరి నాయకత్వంలో అహింసాయుతంగా సమ్మె జరిగింది. కార్మికుల కోర్కెలలో కొన్నింటికి యాజమాన్యం అంగీకరించక తప్పలేదు. పావు శతాబ్దం తరువాత కుదింపు పరిహారానికి చట్టరూపం ఇచ్చిన మంత్రి, ఆ సమస్యను మొదట ఎదుర్కొన్నది కార్మికుల పక్షాన నిలబడి.

1926లో ఆయన అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సదస్సుకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు. 1929లో రాయల్ కమిషన్‌ను బహిష్కరించాలా, దాని ముందుకు వెళ్ళి వాదించాలా అన్న విషయమై సంఘాలలో చీలిక వచ్చింది. శ్రీ ఎన్.ఎం. జోషితో కలిసి శ్రీ గిరి రెండో మార్గాన్ని ఎంచుకున్నారు. వేదిక ఎవరిదైనా కార్మికుని వాదన అక్కడ వినిపించాలన్నది ఆయన పద్ధతి. లండన్‌లో జరిగిన రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి కూడా ఆ పద్ధతిలోనే కార్మిక ప్రతినిధిగా హాజరయ్యారు. దీన్ని మితవాదమని విమర్శించిన వారు అప్పుడూ ఉన్నారు, తరువాతా ఉన్నారు.

1937 ఎన్నికలలో బొబ్బిలి రాజా వారిని వారి సొంత గడ్డపైనే ఓడించి, శ్రీ రాజగోపాలాచారి మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు చేపట్టారు. 1939లో మంత్రివర్గం రాజీనామా చేసింది. ఆ తరువాత రెండు విడతలుగా కారాగారవాసం అనుభవించారు. క్విట్ ఇండియా ఉద్యమ కాలంలో వేలూరు, అమరావతి జైళ్ళలో గడిపారు. 1946లో శ్రీ టంగుటూరి ప్రకాశం మంత్రివర్గంలో మళ్ళీ కార్మిక శాఖ నిర్వహించారు. 1947 నుంచి 1951 వరకు సిలోన్‌లో భారత హైకమిషనర్‌గా ఉన్నారు. తేయాకు తోటల భారతీయ కార్మికుల పౌరసత్వం ప్రశ్నార్థకమైన కాలమది.

1952 సార్వత్రిక ఎన్నికలలో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై, శ్రీ జవహర్‌లాల్ నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక శాఖ మంత్రిగా బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి ఉద్యోగుల భవిష్య నిధి చట్టం సిద్ధంగా ఉంది. శ్రీ జగ్జీవన్ రామ్ హయాంలో 1951 నవంబరులో ఆర్డినెన్సుగా వచ్చి, 1952 మార్చి 4న చట్టమైంది. దాన్ని కాగితం మీద నుంచి కర్మాగారం గేటు దాకా తీసుకువెళ్ళే పని శ్రీ గిరి కాలంలో జరిగింది. 1952 సెప్టెంబరులో పథకాన్ని రూపొందించారు. నవంబరు 1 నుంచి చందాలు మొదలయ్యాయి. కార్మికుని వేతనం నుంచి 6.25 శాతం, అంతే మొత్తం యజమాని నుంచి జమ కావాలి. తొలి దశలో 50 మంది, అంతకు పైగా పనిచేసే ఆరు పరిశ్రమలకు మాత్రమే వర్తించింది. అవి సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగ్ వస్తువులు, ఇనుము ఉక్కు, కాగితం, వస్త్రాలు. వస్త్రాలంటే నూలు, ఉన్ని, పట్టుతో పాటు జనపనార కూడా. రాజమండ్రి కాగితపు మిల్లు, ఏలూరు జనపనార మిల్లు ఉన్న గోదావరి ప్రాంతానికి ఈ జాబితా పరాయిది కాదు. శారీరక లేక మానసిక వైకల్యం వల్ల శాశ్వతంగా పని చేయలేని స్థితికి చేరి విరమించిన సభ్యుడు తన నిధిని తీసుకునే వీలు ఆ పథకంలో ఉంది.

1953 శరత్కాలంలో వస్త్ర మిల్లులలో సరకు పేరుకుపోయింది. మిల్లులు షిఫ్టులు తగ్గించి వేలమందిని పనికి రావద్దంటాయన్న భయం వ్యాపించింది. అంతవరకు లే-ఆఫ్‌లో ఉన్న రోజులకు కార్మికునికి ఏమివ్వాలో చెప్పే చట్టం లేదు. ఒక్కొక్క ట్రిబ్యునల్ ఒక్కొక్క విధంగా చెప్పేది. యజమానులు, కార్మిక సంఘాలు, ప్రభుత్వం కూర్చుని మాట్లాడుకున్న మీదట 1953 అక్టోబరు 24న ఆర్డినెన్సు వెలువడింది. డిసెంబరులో పార్లమెంటు దాన్ని చట్టంగా మార్చి, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఐదు-ఏ అధ్యాయంగా చేర్చింది. పన్నెండు నెలలలో 240 రోజులు పనిచేసిన కార్మికుణ్ణి నిరంతర సర్వీసులో ఉన్నవాడిగా పరిగణించారు. పని చూపలేని రోజులకు మూల వేతనం, కరవు భత్యం కలిపి అందులో సగం ఇవ్వాలన్నారు. ఏడాదిలో 45 రోజుల వరకు ఈ బాధ్యత ఉంటుంది. కుదింపులో చివర చేరినవారు ముందు వెళ్ళాలని, తిరిగి నియామకాలు జరిపితే తొలగించిన వారికే ప్రథమ అవకాశం ఇవ్వాలని కూడా ఆ అధ్యాయం నిర్దేశించింది.

ఈ చట్టం డెల్టాలో అందరికీ ఒకేలా చేరలేదు. లే-ఆఫ్ పరిహారం 50 మందికి లోబడిన సంస్థలకు, సీజనులో మాత్రమే నడిచే కర్మాగారాలకు వర్తించదు. వరి కోతల తరువాత జోరందుకునే బియ్యపు మిల్లులు, చెరకు క్రషింగ్ కాలానికే పరిమితమయ్యే చక్కెర కర్మాగారాలు గోదావరి జిల్లాల పారిశ్రామిక జీవితంలో ప్రధానమైనవి. ఏది సీజను పరిశ్రమ, ఏది కాదు అన్న వివాదం వస్తే తుది నిర్ణయం ప్రభుత్వానిదే. కుదింపు పరిహారానికి మాత్రం ఈ మినహాయింపు లేదు.

ఇంతకంటె లోతైన వెలితి మరొకటి ఉంది. కుదింపు అంటే ఏమిటో నిర్వచిస్తూ చట్టం కొన్నింటిని పక్కకు తీసింది. స్వచ్ఛంద విరమణ, వయోపరిమితి విరమణలతో పాటు దీర్ఘకాల అనారోగ్యం కారణంగా జరిగే తొలగింపును కూడా కుదింపు కాదన్నది. మిల్లులో పని తగ్గి ఇంటికి వెళ్ళినవారికి పరిహారం దక్కింది. అదే మిల్లులో ఊపిరితిత్తులు చెడి లేక చూపు మందగించి ఇంటికి వెళ్ళినవారికి ఆ పరిహారం దక్కలేదు. అనారోగ్యాన్ని బీమా చూసుకోవాలన్నది దీని వెనుక ఉన్న ఆలోచన కావచ్చు. 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం అప్పటికే వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరాలలో పథకం మొదలైంది. అనారోగ్య భత్యం, తాత్కాలిక వైకల్య భత్యం పొందుతున్న కాలంలో ఉద్యోగిని తొలగించరాదని ఆ చట్టం యజమానిని నిషేధించింది కూడా. కాని పథకం ఒక్కొక్క కేంద్రానికి మెల్లగా విస్తరించింది. అది చేరని ఊళ్ళలో పని వల్ల కాక జబ్బు వల్ల అశక్తుడైన కార్మికుడు రెండు చట్టాల మధ్య ఖాళీలో మిగిలిపోయాడు. శ్రీ గిరి కాలపు సంస్కరణలను బేరీజు వేసేటప్పుడు ఈ సంగతిని దాటవేయడం న్యాయం కాదు.

చట్టాలు చేసిన మంత్రి అయినప్పటికీ శ్రీ గిరికి కోర్టు గదుల మీద పెద్దగా నమ్మకం లేదు. 1952 అక్టోబరులో నైనిటాల్‌లో జరిగిన భారత కార్మిక సదస్సులో తన వాదాన్ని ఆయన వివరించారు. వివాదాన్ని ప్రభుత్వమే ట్రిబ్యునల్‌కు నివేదించి, తీర్పును ఇరుపక్షాలపై రుద్దే పద్ధతి సంఘాలను బలహీనపరుస్తుందని ఆయన అభిప్రాయం. గెలిచినవారికి గర్వం, ఓడినవారికి పగ మిగులుతాయి. యజమాని, సంఘం ఎదురెదురుగా కూర్చుని కుదుర్చుకున్న ఒప్పందమే నిలుస్తుంది. గిరి విధానంగా పేరుపడిన ఈ వాదాన్ని ప్రభుత్వంలోనే చాలామంది అంగీకరించలేదు. బలహీన సంఘాలున్న చోట ట్రిబ్యునల్ లేకపోతే కార్మికుడికి ఆ కొద్దిపాటి రక్షణా ఉండదన్నది ఎదుటివారి మాట. అందులోనూ బలముంది.

ఆ మంత్రి రాజీనామా ఒక ట్రిబ్యునల్ నిర్ణయం కోసమే జరగడం ఆయన జీవితంలో అందరూ గమనించదగిన ఘట్టం. బ్యాంకు ఉద్యోగుల జీతభత్యాల వివాదం ఏళ్ళ తరబడి సాగింది. సేన్ ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును 1951లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. శాస్త్రి ట్రిబ్యునల్ 1953లో మరో అవార్డు ఇచ్చింది. దానిపై అప్పీళ్ళను విచారించిన లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ 1954 ఏప్రిల్‌లో ఉద్యోగులకు కొంత మేలు కలిగించే నిర్ణయం ప్రకటించింది. బ్యాంకులు ఇంత భారం మోయలేవని ఆర్థిక వర్గాలు వాదించాయి. ట్రిబ్యునల్ నిర్ణయాన్ని సవరించే అధికారాన్ని చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. 1954 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఆ అధికారాన్ని ఉపయోగించి ఉద్యోగుల ప్రయోజనాలలో కోత విధించింది.

చట్టరీత్యా ఆ ఉత్తర్వులో లోపం లేదు. శ్రీ గిరి అభ్యంతరం వేరు. ఒప్పందానికి దారి మూసి, ఇరుపక్షాలను ట్రిబ్యునల్ ముందుకు పంపినది ప్రభుత్వమే. తీర్పులకు కట్టుబడాలని యజమానులకు చెబుతున్నదీ ప్రభుత్వమే. అటువంటి ప్రభుత్వం తనకు నచ్చని తీర్పును తానే తగ్గిస్తే, రేపు ఒక మిల్లు యజమాని నష్టాల లెక్క చూపి అవార్డు అమలు చేయనన్నప్పుడు కార్మిక శాఖ ఏ ముఖంతో నోటీసు ఇస్తుంది? ఆయన పదవి విడిచారు. మంత్రి పదవిని ఇటువంటి కారణంతో వదలడం అప్పటికీ అరుదే.

తరువాతి పరిణామాలు ఆయన వైఖరిని చాలావరకు సమర్థించాయి. ప్రభుత్వం విచారణకు కమిషన్ నియమించింది. తొలుత నియమితులైన జస్టిస్ రాజాధ్యక్ష మరణించడంతో జస్టిస్ పి.బి. గజేంద్రగడ్కర్ ఆ బాధ్యత పూర్తిచేశారు. ఆయన సిఫారసుల మేరకు అప్పిలేట్ ట్రిబ్యునల్ నిర్ణయంలో అధికభాగాన్ని పునరుద్ధరిస్తూ 1955లో ప్రత్యేక చట్టం వచ్చింది. లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌నే 1956 నాటి సవరణ చట్టం రద్దు చేసింది.

1957 ఎన్నికలలో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో శ్రీ గిరి స్వల్ప తేడాతో ఓడిపోయారు. రెండు స్థానాలనూ గిరిజన అభ్యర్థులు గెలుచుకున్నారు. రిజర్వుడు స్థానానికి నిలిచిన అభ్యర్థి జనరల్ స్థానంలో ఎన్నిక కావడం చెల్లదని ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1959లో ఆ వాదనను న్యాయస్థానం తిరస్కరించింది. ఆ ఎన్నికల సంవత్సరంలోనే ఆయన ఉత్తరప్రదేశ్ గవర్నరయ్యారు. అనంతరం కేరళ, మైసూరు రాష్ట్రాల గవర్నరుగా పనిచేశారు. కార్మిక అర్థశాస్త్ర అధ్యయనానికి జాతీయ స్థాయిలో ఒక సంఘం ఏర్పడడంలోనూ ఆయన పాత్ర ఉంది. పారిశ్రామిక సంబంధాలపై, కార్మిక సమస్యలపై ఆయన రచించిన గ్రంథాలు విశ్వవిద్యాలయాలలో పాఠ్యపుస్తకాలుగా చాలాకాలం నిలిచాయి.

1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969 మే నెలలో డా. జాకిర్ హుస్సేన్ మరణానంతరం తాత్కాలిక రాష్ట్రపతిగా వ్యవహరించారు. ఆ సంవత్సరమే స్వతంత్ర అభ్యర్థిగా పోటీ చేసి, మరో తెలుగు నాయకుడైన శ్రీ నీలం సంజీవరెడ్డిపై విజయం సాధించి ఆగస్టు 24న రాష్ట్రపతిగా ప్రమాణ స్వీకారం చేశారు. ఎన్నికపై దాఖలైన పిటిషన్‌లో రాష్ట్రపతి హోదాలోనే సుప్రీంకోర్టుకు హాజరై సాక్ష్యమిచ్చారు. ఆ ఎన్నికను న్యాయస్థానం 1970లో సమర్థించింది.

1972 ఆగస్టు 21న గ్రాట్యుటీ చెల్లింపు చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. బిల్లుకు ఆమోదం తెలపడం రాజ్యాంగ విధి మాత్రమే. అయినా ఆ సంతకం శ్రీ గిరిది కావడం విశేషం. ఐదేళ్ళ నిరంతర సర్వీసు ఉంటేనే గ్రాట్యుటీ అన్నది సాధారణ నియమం. మరణం వల్ల లేక వైకల్యం వల్ల ఉద్యోగం ముగిస్తే ఆ ఐదేళ్ళ షరతు వర్తించదని చట్టం మినహాయింపు ఇచ్చింది. పనిలో తగిలిన గాయం వల్ల వచ్చిన వైకల్యమా, జబ్బు వల్ల వచ్చినదా అన్న తేడా ఇక్కడ లేదు. 1953లో మిగిలిన ఖాళీలో కొంత భాగం ఇలా పూడింది.

రాష్ట్రపతి పదవీకాలం చివరి నెలలలో, 1974 మే 8న దేశవ్యాప్త రైల్వే సమ్మె మొదలైంది. దానికి నాయకత్వం వహించినది శ్రీ గిరి ఒకప్పుడు నిర్మించిన రైల్వే కార్మికుల సమాఖ్యే. ప్రభుత్వం వేలాది మందిని అరెస్టు చేసింది, ఎందరినో ఉద్యోగాల నుంచి తొలగించింది. మే 27న సమ్మె ముగిసింది. మంత్రిమండలి సలహాకు కట్టుబడవలసిన స్థానంలో ఉన్న పాత సంఘ నాయకునికి అంతకంటె ఇబ్బందికరమైన సన్నివేశం ఊహించడం కష్టం. 1954లో మంత్రిగా రాజీనామా చేసిన శ్రీ గిరి 1974లో రాష్ట్రపతిగా పదవీకాలం పూర్తిచేసి ఆగస్టు 24న విరమించారు. ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి ప్రశ్నించే చరిత్రకారులు ఉన్నారు.

1975లో ప్రభుత్వం ఆయనను భారతరత్నతో గౌరవించింది. 1980 జూన్ 24న మద్రాసులో ఆయన కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు. పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమలులోకి వచ్చింది.

సర్వీసులో ఉండగా వైకల్యం పొందిన ఉద్యోగిని తొలగించరాదన్న నియమం మొదట 1995 నాటి వికలాంగుల చట్టంలో, తరువాత 2016 చట్టంలో చోటు చేసుకుంది. ప్రభుత్వ సంస్థలు అటువంటి ఉద్యోగికి అదే వేతన శ్రేణిలో వేరే పోస్టు చూపాలి. అయినప్పటికీ చట్టంలోని జాబితాకు అందని వైకల్యాలు ఉంటాయి. రంగులను గుర్తించలేకపోవడం వాటిలో ఒకటి. 2014లో ఆర్టీసీలో డ్రైవరుగా చేరి, వర్ణాంధత్వం కారణంగా వైద్యపరంగా అనర్హుడై ఉద్యోగం కోల్పోయిన ఒక కార్మికుని అప్పీలుపై 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వెలువరించింది. అతనికి తగిన ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలని తెలంగాణ ఆర్టీసీని ఆదేశించింది. ఆ ఆదేశానికి న్యాయస్థానం ప్రధానంగా ఆధారం చేసుకున్నది, వర్ణాంధులైన డ్రైవర్లకు వేరే పని ఇస్తామంటూ 1979లో పారిశ్రామిక వివాదాల చట్టం కింద యాజమాన్యం, కార్మికులు కుదుర్చుకున్న ఒప్పందాన్ని.